పదో గీత

ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక
సిక్కోలు నుంచి పట్నాయక్ గారి ఫోను.
"కాయితం నింపారా పీడీ గారూ, మీదొక్కటే రావాలి."

నింపాలి.
జిల్లాలో కబడ్డీ ఆడే పద్నాలుగు చిన్న కాలేజీల్లో
ఎవరు ఎవరికంటే గొప్పో
పద్నాలుగుమంది పీడీలం వారం వారం తేలుస్తాం.
మొదటి గీతకి పది పాయింట్లు, పదో గీతకి ఒకటి.

నిజం చెప్పాలంటే
అందులో సగం జట్ల ఆట నేను చూడనే లేదు.
ఆమదాలవలసని మొదట రాస్తాను,
పోయిన వారం మొదట ఉంది కాబట్టి.
అంతకు ముందు వారమూ అందుకే ఉంది.
సోంపేట రెండు. వాళ్లకి మ్యాట్ ఉంది,
మ్యాట్ మీద పడ్డవాడు పడ్డట్టు కనిపించడు.
టెక్కలి మూడు, పేపర్లో స్కోరు చూసి.
నరసన్నపేట నాలుగు.
ఒక సాయంత్రం బస్సు కిటికీలోంచి
వాళ్ల ఎడమ కార్నర్ కుర్రాడు మడమ అందుకోవడం చూశాను.
బస్సు కదిలిపోయింది,
వదిలాడో లేదో ఇప్పటికీ తెలీదు.
ఇచ్ఛాపురం ఐదు. ఆ పీడీ పోయినేడు
మా పిల్లలకి నాలుగు మోకాలి పట్టీలిచ్చాడు.

దీన్నే జాబితా అంటారు.
సోమవారం ప్రిన్సిపాల్ గది బయట అంటిస్తే
మార్కుల లిస్టు కన్నా శ్రద్ధగా చదువుతారు.

పాతపట్నం పేరు పదిలో ఎన్నడూ లేదు.
మా కోర్టు రైల్వే గేటు పక్కన,
రెండు ట్రాక్టర్ల వంశధార ఇసుక.
గుణుపూరు పాసింజరు వచ్చేవేళ
రైలు కూత, దిల్లేసు కూత కలిసిపోతాయి,
ఎవరి ఊపిరి ముందు తెగిందో రిఫరీకీ అంతుపట్టదు.
ఏడుగురు ఆటగాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్.
ఆ సవర మల్లేసు జీడిపిక్కల రోజుల్లో రాడు.

జాబితా అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వరస ఉంటుంది:
ఓట్లు వచ్చిన ఇతర జట్లు.
పోయిన సోమవారం అక్కడ
పాతపట్నం, 1.

ఆ ఒకటిని వేలితో తడిమి చూశారు గుంటలు.
"ఎవులేసినారు సార్ మనకి?"
టెక్కలి సారని ఒకడు, కాదు సోంపేటోళ్లని ఇంకొకడు.
దిల్లేసు ఆ సాయంత్రం
గూడ్సుబండి మొత్తం దాటేదాకా కూత ఆపలేదు.
"తెలీదురా" అన్నాను.

వేసింది నేనే.
రూలు ఒప్పుకుంటుంది.
పెళ్లిలో తన చదివింపు తనే రాయించుకున్నవాడిలా
మూడు రోజులు ఎవరి మొహమూ చూడలేకపోయాను.

ఈ ఆదివారం పదో గీత దగ్గర పెన్ను ఆగింది.
మందస గుర్తొచ్చింది.
శుక్రవారం మా చేతుల్లోనే ఓడారు, ఒక్క పాయింటుతో.
ఆఖరి రైడుకి వాళ్ల తవిటయ్య
వాచిన చీలమండకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.
మా దిల్లేసు వాడి కాలు పట్టలేదు, నడుం పట్టాడు.
కాలు సులువు.
ఎందుకు పట్టలేదురా అని నేనూ అడగలేదు.
మందస అని రాసి, ఫొటో తీసి పంపేశాను.
అప్పుడే కరెంటు పోయింది. మంచిదే.

సోమవారం.
ఆమదాలవలస మొదట, అందుకే.
అడుగున చీమల వరస:
మందస, 1. పాతపట్నం, 1.

కళ్లజోడు తుడిచి మళ్లీ చదివాను.
నాది తీసేస్తే పదమూడు కాయితాలు.
అందులో ఒకరెవరో
తన పదో గీత దగ్గర పెన్ను ఆపి
మా ఇసుకని, మా రైలు గేటుని తలుచుకున్నారు.
మందస పీడీయా? ఓడినవాడు వేస్తాడా?
ఇచ్ఛాపురమా, మోకాలి పట్టీలతో పాటు ఇంకోటా?
లేక ఎవరైనా నాలాగే
బస్సు కిటికీలోంచి చూశారా?

దిల్లేసు పరిగెత్తుకొచ్చాడు.
"మళ్లీ ఏసినారు సార్! ఎవులు సార్?"

"తెలీదురా" అన్నాను.
పోయిన వారమూ ఇదే మాట అన్నాను.

గేటు పడింది, పాసింజరు వస్తోంది.
మల్లేసు బకెట్టుతో ఇసుక తడుపుతున్నాడు.